బఫెలో వేటకు ముందు బుల్లెట్ ఎంచుకోండి, రైఫిల్ చివర

ఆఫ్రికాలోని నమీబియాలో వేట సీజన్ ఫిబ్రవరి 1న మొదలై నవంబర్ 30తో ముగుస్తుంది. ఆ పది నెలలూ నా పని ఒకటే. వేటకు వచ్చినవాళ్లు అడవిలో అడుగుపెట్టే ముందు వాళ్ల రైఫిళ్లు రేంజి (కాల్పుల సాధన మైదానం) మీద పరీక్షిస్తాను. గురి సరిగ్గా ఉందా, తూటాలు సాఫీగా ఎక్కుతున్నాయా, ఈ మనిషి తన తుపాకీకే భయపడుతున్నాడా అని చూస్తాను. మొదటి రెండూ పది నిమిషాల్లో తేలిపోతాయి. మూడోదానికే సాయంత్రమవుతుంది.

చాలామంది ఎంపిక తలకిందులుగా చేస్తారు. ముందు ఒక రైఫిల్ మీద మనసు పడుతుంది. తర్వాత దాని క్యాలిబరే (గొట్టం లోపలి వ్యాసమే) సరైనదని తమకు తామే నచ్చజెప్పుకుంటారు. తూటాల పెట్టె మాత్రం బయల్దేరే వారం ముందు ఏది దొరికితే అది కొంటారు. నన్నడిగితే ముందు ఏ జంతువో తేల్చుకోండి. దానికి ఏ బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే లోహపు ముక్క) కావాలో చూడండి. ఆ బుల్లెట్‌ను చాలినంత వేగంతో పంపే తూటా ఏదో, దాని తన్ను (పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ) మీ భుజం ఓర్చుకుంటుందో లేదో ఆ తర్వాత చూడండి. రైఫిల్ వంతు చివర్లో వస్తుంది.

జంతువు తేలితే సగం ఎంపిక చట్టమే చేసేస్తుంది. నమీబియాలో స్ప్రింగ్‌బాక్ లాంటి చిన్న దుప్పులకు గొట్టం మూతి దగ్గర కనీసం 1,350 జౌల్స్ శక్తి ఉండాలి. కూడూ, ఓరిక్స్, ఈలాండ్ లాంటి పెద్ద దుప్పులకు 2,700, బఫెలో (ఆఫ్రికా అడవి దున్న), ఏనుగులకు 5,400. జింబాబ్వేలో ఏనుగు, బఫెలో, హిప్పోలకు 9.2 మిల్లీమీటర్ల క్యాలిబర్, 5,300 జౌల్స్ కనీసం. టాంజానియాలో ప్రమాదకరమైన జంతువులకు .375 క్యాలిబర్‌తోనే (ఇది అంగుళాల్లో) లెక్క మొదలు.

ఉదాహరణకు 1906 నుంచి వాడుకలో ఉన్న .30-06 తూటా సంగతి చూడండి. 180 గ్రెయిన్ల (దాదాపు 12 గ్రాముల) బుల్లెట్‌తో అది ఇచ్చేది 3,900 జౌల్స్ చిల్లర. ఈలాండ్ దాకా దానికి ఏ లోటూ లేదు. మీ జాబితాలో బఫెలో లేకపోతే కొత్త రైఫిల్ కొనకండి. ఇన్నాళ్లూ వాడుతున్న .30-06 గానీ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ గానీ తీసుకుని వచ్చేయండి, మంచి బుల్లెట్ పెట్టుకుంటే చాలు. చేతికి అలవాటైన తుపాకీతో కొట్టినంత బాగా కొత్త దానితో ఎవరూ కొట్టలేరు.

బఫెలో ఉంటే మాత్రం అది సరిపోదు. అప్పుడు నా జవాబు .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చిన తూటా ఇది. 300 గ్రెయిన్ల బుల్లెట్, అంటే 19 గ్రాముల పైచిలుకు, సెకనుకు 2,500 అడుగుల వేగంతో వెళ్తుంది. శక్తి 5,600 జౌల్స్ దాటుతుంది కాబట్టి చట్టంతో పేచీ లేదు. 100 మీటర్ల దగ్గర గురికి 5, 6 సెంటీమీటర్లు పైన తగిలేలా పెట్టుకుంటే 200 గజాల దగ్గర ఇంచుమించు గురిపెట్టిన చోటే తగులుతుంది. పొద్దున బఫెలో అడుగుజాడల వెంట నడిచి, సాయంత్రం అదే రైఫిల్‌తో కూడూను కొట్టవచ్చు. ఇంకో సుగుణం, విమానంలో తూటాల పెట్టె తప్పిపోయినా దక్షిణాఫ్రికాలోనో నమీబియాలోనో .375 తూటాలు దొరకడం కష్టం కాదు. ఎవరో సొంతంగా తయారుచేసిన అపురూపమైన క్యాలిబర్‌తో వచ్చి తూటాలు పోగొట్టుకుంటే ఆ రోజు నుంచీ క్యాంపు వాళ్లు ఇచ్చే రైఫిలే గతి.

.416 రిగ్బీ అంతకంటే బరువైన దెబ్బ. 400 గ్రెయిన్లు, 2,400 అడుగుల వేగం. 1911 నాటి ఆ తూటా చూస్తే అంత లావెందుకు అనిపిస్తుంది. అప్పట్లో వాడిన కార్డైట్ అనే తుపాకీమందు ఎండ వేడికి ఒత్తిడి బాగా పెంచేసేది. తూటా తొడుగు ఉబ్బి చాంబర్‌లో (తూటా కూర్చునే అరలో) ఇరుక్కుంటే బఫెలో ఎదురుగా ఉండగా బోల్ట్ (తూటాను ఎక్కించి, ఖాళీ తొడుగును తీసే గొళ్లెం) తెరుచుకోదు. లోపల ఖాళీ ఎక్కువ ఉంచి ఒత్తిడి తగ్గించడం కోసమే ఆ లావు. ఇప్పటి మందులు వేడికి అంతగా చలించవు గానీ, సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకు ఈ పాఠం ఇంకా వర్తిస్తుంది. చలికాలంలో, చల్లటి రేంజిలో అంచు దాకా నింపి సరిచూసుకున్న తూటాను అక్టోబర్ ఎండలో బండి డాష్‌బోర్డు మీద పెడితే అది అదే తూటా కాదు. కాస్త తగ్గించి నింపండి. సెకనుకు 50 అడుగుల వేగం తగ్గినందుకు ఏ బఫెలో కూడా మిమ్మల్ని తప్పుపట్టదు.

.458 విన్‌చెస్టర్, .458 లాట్, డబుల్ బారెల్‌లో .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అన్నీ మంచివే. కానీ అవి ఏనుగుకీ, గాయపడిన జంతువును పొదలోంచి వెళ్లగొట్టే ప్రొఫెషనల్ హంటర్‌కీ. ఏడాదికి ఒకసారి వచ్చే అతిథికి వాటితో పనేంటో నాకు అర్థం కాదు.

ఇక భుజం సంగతి. .375 తన్ను .30-06కి దాదాపు రెట్టింపు. .458 లాట్ అయితే మూడు రెట్లకు పైనే. అందరూ ‘నాకేం ఇబ్బంది లేదండీ’ అంటారు. నేను వాదించను. మ్యాగజైన్ (రైఫిల్‌లో తూటాలు పేర్చే అర) నేనే నింపుతాను, మధ్యలో ఒక డమ్మీ తూటా పెడతాను. ఎక్కడుందో వాళ్లకు తెలియదు. మొదటి రెండూ పేలతాయి. మూడోసారి ట్రిగ్గర్ నొక్కగానే ‘టిక్’ మంటుంది, అంతే. ఆ క్షణంలో గొట్టం మూతి చూడాలి. తుపాకీ పేలనే లేదు, అయినా మూతి జానెడు కిందికి వంగుతుంది, కళ్లు గట్టిగా మూసుకుపోతాయి, ఎడమ చెయ్యి బిగుసుకుంటుంది. పేలినప్పుడు ఇదంతా చప్పుడులో కొట్టుకుపోతుంది, కాగితం మీద చిల్లు మాత్రం ఎక్కడో కింద పడుతుంది. ఈ పరీక్ష ఇంటి దగ్గరే ఒక స్నేహితుడితో చేయించుకోండి. మూతి వంగుతుంటే ఒక మెట్టు తక్కువ క్యాలిబర్ తీసుకోండి. .416తో కడుపులో కొట్టడం కంటే .375తో గుండెలో కొట్టడం ఎన్నో రెట్లు మేలు.

గొట్టం మూతికి బిగించే మజిల్ బ్రేక్ పెట్టించుకుంటే తన్ను తగ్గుతుంది, నిజమే. ఆ చప్పుడంతా పక్కనున్న ట్రాకర్ (అడుగుజాడలు పట్టే మనిషి) చెవులకు వెళ్తుంది. మీకు ఇయర్‌మఫ్స్ ఉంటాయి, ఆయనకు ఉండవు. తీసి పెట్టుకునే రకమైతే రేంజిలో వాడుకుని, వేటకు తీసేయండి.

ఎక్కువ డబ్బు పెట్టాల్సింది బుల్లెట్ మీద. మా దగ్గర తోలు ఒలిచే షెడ్డులో ఒక డబ్బా ఉంది. జంతువుల్లోంచి తీసిన బుల్లెట్లు అందులో వేస్తారు, నేను వాటిని మందు తూచే త్రాసులో తూస్తాను. బఫెలో అవతలి భుజం తోలు కింద దొరికిన స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ రకం బుల్లెట్ అయితే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని, బరువు మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. బార్న్స్ టీఎస్‌ఎక్స్‌లో సీసమే లేదు, మొత్తం రాగే. నాలుగు రేకులు వెనక్కి మడుచుకుని ఉంటాయి. చవక రకాల్లో రాగి తొడుగు ఒకచోట, సీసం ముక్కలు ఇంకోచోట దొరుకుతాయి. అలాంటి బుల్లెట్ స్ప్రింగ్‌బాక్‌కు చాలు. 700 కిలోల బఫెలో భుజం ఎముకకు తగిలితే అక్కడే చెదిరిపోతుంది, ఊపిరితిత్తుల దాకా చేరదు. ఆ తర్వాత పొదలో దాన్ని వెతుక్కుంటూ వెళ్లేది ట్రాకరూ హంటరూ.

విచ్చుకోని గట్టి బుల్లెట్లను సాలిడ్స్ అంటారు. ఏనుగుకు ఇవే కావాలి. దాని పుర్రె తేనెతుట్టెలాంటి ఎముక, మెదడు చాలా లోపల ఉంటుంది. విచ్చుకునే బుల్లెట్ అంత దూరం వెళ్లదు. బఫెలోకు మాత్రం మొదటి దెబ్బ విచ్చుకునేదే వాడండి. సాలిడ్ ఒక జంతువులోంచి దూసుకుపోయి వెనక నిలబడ్డ ఇంకోదాన్ని గాయపరుస్తుంది, మందలో ఇది తరచూ జరిగేదే. మొదటిది తగిలి అది పరుగందుకున్నాక, వెనక నుంచి లోతుగా పోవాల్సిన దెబ్బలకు మ్యాగజైన్‌లో కింది తూటాలు సాలిడ్స్ పెట్టుకోవచ్చు. అవీ ఇవీ ఒకేచోట తగులుతున్నాయో లేదో రేంజిలో ముందే చూసుకోవాలి.

పాతకాలపు ఏనుగుల వేటగాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ 7 మిల్లీమీటర్ల చిన్న రైఫిల్‌తో వందల ఏనుగులను పడగొట్టాడు కదా అని ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు అంటారు. పడగొట్టాడు. సాలిడ్స్‌తో కొట్టాడు, ఏనుగు పుర్రెను కోసి లోపల మెదడు ఎక్కడుందో నేర్చుకున్నాడు. ఇప్పుడు చట్టమే ఒప్పుకోదు కాబట్టి ఆ చర్చ అక్కడితో సరి.

రైఫిల్ దగ్గరికి వద్దాం. బోల్ట్ యాక్షన్ (బోల్ట్‌ను చేత్తో లాగి తోసే రకం) తీసుకోండి, అందులోనూ మౌజర్ 98 పద్ధతిదైతే మేలు. తూటా మ్యాగజైన్‌లోంచి లేచీ లేవగానే బోల్ట్ పక్కనున్న పెద్ద కొక్కెం దాని అంచును పట్టుకుని చాంబర్ దాకా వదలదు. సగంలో ఆగి వెనక్కి లాగినా అదే తూటా బయటికి వస్తుంది, రెండోది వచ్చి ఇరుక్కోదు. విన్‌చెస్టర్ మోడల్ 70లో ఈ ఏర్పాటు ఉన్నవి దొరుకుతాయి. కంగారులో జనం చేసే అసలు పొరపాటు వేరే. బోల్ట్ పూర్తిగా వెనక్కి లాగకుండానే ముందుకు తోసేస్తారు. ఖాళీ తొడుగు పోతుంది, కొత్తది ఎక్కదు. భుజం మీంచి దించకుండా, మొరటుగా, చివరి దాకా లాగి తోయడం అలవాటు చేసుకోండి. ఇంట్లో డమ్మీ తూటాలతో రోజూ చేయవచ్చు.

స్కోపు (గురిచూసే దుర్భిణి) చిన్నది చాలు, 1-4 రెట్లు లేదా 1.5-6 రెట్లు పెద్దగా చూపేది. బఫెలోను 100 మీటర్ల లోపే, చాలాసార్లు అందులో సగం దూరంలోనే కొడతారు. కంటికీ స్కోపుకీ మధ్య నాలుగు వేళ్ల దూరం ఉండాలి, లేకపోతే మొదటి తన్నుకే కనుబొమ్మ చీరుతుంది. మూడు కాళ్ల కర్రల ఆసరాతో నిలబడి కొట్టడం సాధన చేయండి. బెంచి మీద కూర్చుని సాధించిన గొప్ప గ్రూపులు (దగ్గరదగ్గరగా పడ్డ చిల్లులు) ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

మ్యాగజైన్‌లో అడుగున ఉన్న తూటాలను ఒక్కసారి బయటికి తీసి చూడండి. పైవి పేలినప్పుడల్లా కుదుపుకు ఆ బుల్లెట్లు లోపలికి జారే అవకాశం ఉంది. జారితే ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన పెట్టి పొడవు పోల్చితే తెలిసిపోతుంది. జారినదాన్ని వాడకండి. రైఫిల్‌కు నూనె పలచగా పట్టించండి, ఇక్కడి దుమ్ముకు జిడ్డు పనికిరాదు.

విమానంలో మనిషికి 5 కిలోల తూటాలే అనుమతి. .375 తూటా 40 గ్రాములు పైన ఉంటుంది కాబట్టి పెట్టెలతో కలిపి వంద దాటవచ్చు, అంత అవసరమే ఉండదు. అరవై తెండి, ఒకే బ్రాండు, ఒకే తయారీ విడతవి. చాలా ఎయిర్‌లైన్స్ వాటిని రైఫిల్‌తో కాక వేరే పెట్టెలో తాళం వేసి పెట్టమంటాయి. నమీబియాకైతే తాత్కాలిక దిగుమతి ఫారం విండ్‌హుక్ హోసియా కుటాకో విమానాశ్రయంలో దిగాకే నింపవచ్చు. దక్షిణాఫ్రికాకు అక్కడి పోలీసు శాఖ వారి ఎస్ఏపీఎస్ 520 ఫారం, నల్ల ఇంకుతో నింపి, సంతకం మాత్రం అక్కడి పోలీసు అధికారి ముందే చేయాలి. ఒక క్యాలిబర్‌కు ఒకటే తుపాకీ, తుపాకీకి 200 తూటాలు హద్దు. రైఫిల్ మీది సీరియల్ నంబర్, స్కోపు రింగుల కింద పడి కనబడకుండా ఉంటే, బయల్దేరేముందే రింగు జరిపి ఆ నంబర్ చదవగలిగేలా పెట్టుకోండి. కౌంటర్ దగ్గర స్కోపు విప్పితే గురి మళ్లీ మొదటికొస్తుంది.