గండి పూడ్చే మట్టికి పర్యావరణ అనుమతి ఎప్పుడు అక్కర్లేదు?

కట్ట తెగి నీళ్లు ఊరి మీద పడుతుంటే పర్యావరణ అనుమతి కోసం ఎవరూ కూర్చోలేరు. ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ (2006) 9వ అనుబంధంలో అందుకే ఒక మినహాయింపు ఉంది: వరద, విపత్తు వేళ కాలువకో వాగుకో చెరువుకో పడ్డ గండిని పూడ్చడానికి మామూలు మట్టి తవ్వుకోవచ్చు. 2024 సెప్టెంబరులో విజయవాడ దగ్గర బుడమేరు వాగుకు గండ్లు పడినప్పటి లాంటి పరిస్థితి కోసమే ఇది. అయితే కలెక్టరు గానీ, అధికారం ఉన్న మరో అధికారి గానీ ఉత్తర్వు ఇవ్వాలి.

ఆ ఉత్తర్వే ప్రాణం. ఫోన్లో ఆదేశం వస్తే అదే రోజు కాగితం మీద పెట్టించండి. గండి ఉన్న చోటు, మట్టి తీసే సర్వే నంబరు, ఎన్ని ఘనమీటర్లు, ఎన్ని రోజులు అన్నవి అందులో ఉండాలి.

లెక్క ఇలా వేయండి. గండి 20 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు. కట్ట పైభాగం 4 మీటర్లు, రెండు వైపులా వాలు 2:1 (ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల అడ్డం). అంటే అడుగున 20 మీటర్లు, సగటు మందం 12 మీటర్లు, కాబట్టి 12 × 4 × 20 = 960 ఘనమీటర్లు. దిమ్మిస కొడితే మట్టి అణుగుతుంది, కొంత కొట్టుకుపోతుంది. 20 శాతం కలిపితే 1,152. టిప్పరుకు 10 ఘనమీటర్ల చొప్పున సుమారు 115 ట్రిప్పులు. 300 ట్రిప్పులు వెళ్లాయంటే మట్టి ఇంకెక్కడికో పోతున్నట్టే. ప్రతి ట్రిప్పూ బండి నంబరుతో, టైముతో రాయండి.

కట్ట పాదం పక్కనే ఎప్పుడూ తవ్వకండి. ఊట నీటికి దారి దగ్గరవుతుంది, అడుగు మట్టి కొట్టుకుపోయి పక్కనే మరో గండి పడుతుంది.

ఈ మినహాయింపు పర్యావరణ అనుమతికి మాత్రమే. అడవి భూమికీ, గనుల శాఖ నిబంధనలకూ వర్తించదు. గండి పేరు చెప్పి రోడ్డు పనికి మట్టి తోలడం అసలు కుదరదు. రోడ్లు, పైపులైన్ల మట్టికి 2020లో ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. పరిమాణం మీద హద్దు లేకపోవడం అందుకు ఒక కారణం. మీ ఉత్తర్వులో ఘనమీటర్లు రాయించమనేది అందుకే.

వరద తగ్గాక పొలంలో మిగిలే ఇసుక మేటలను రైతు తీసేసుకోవడానికి అదే అనుబంధంలో వేరే అంశం ఉంది. దానికి గండి ఉత్తర్వు చూపించకండి.