పాత డెస్క్‌టాప్‌ను తక్కువ ఖర్చుతో అప్‌గ్రేడ్ చేయడం ఎలా?

పాత డెస్క్‌టాప్ నెమ్మదించిందని షాపుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట, "ఇది పాత మోడల్ సార్, కొత్తది తీసుకోండి." తొందరపడి ఒప్పుకోకండి. 2012 తర్వాత వచ్చిన ఇంటెల్ ఐ3, ఐ5 ప్రాసెసర్లలో చాలావాటికి వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, యూట్యూబ్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు నడిపే సత్తా ఇప్పటికీ ఉంది. వాటిని వెనక్కి లాగుతున్నది ఎక్కువగా హార్డ్ డిస్కే. దాన్ని మార్చి, అవసరమైతే కాస్త ర్యామ్ చేరిస్తే ఆ సిస్టమ్ ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తుంది. చదువుకునే పిల్లలున్న ఇంట్లో ఇలా మిగిలే డబ్బు చిన్నదేమీ కాదు.

ముందు లోపం ఎక్కడుందో చూడండి

సిస్టమ్ బాగా నెమ్మదిగా ఉన్న సమయంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్ఫార్మెన్స్ ట్యాబ్‌కు వెళ్లండి. డిస్క్ 100 శాతం దగ్గర చాలాసేపు నిలిచిపోయి, సీపీయూ (అంటే ప్రాసెసర్) మాత్రం 20, 30 దగ్గరే ఆడుతుంటే లోపం డిస్క్‌దే. మెమరీ 90 శాతం దాటితే ర్యామ్ చాలడం లేదని అర్థం. సీపీయూ ఒక్కటే ఎప్పుడూ 100 దగ్గర ఉంటే కొత్త డిస్క్ వేసినా పెద్దగా మారదు. ఏ ప్రోగ్రామ్ దాన్ని అంతలా వాడుతోందో ముందు చూడాలి, వైరస్ కూడా కావచ్చు.

అదే పేజీలో మెమరీ మీద నొక్కితే ఎన్ని ర్యామ్ స్లాట్లున్నాయో, ఎన్ని నిండాయో కనిపిస్తుంది. తర్వాత స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. ప్రాసెసర్ నంబరు, మదర్‌బోర్డు మోడల్, విండోస్ 32 బిట్టా 64 బిట్టా అన్నది కాగితం మీద రాసుకోండి. షాపులో ఈ కాగితం చూపిస్తే మీకు పనికిరాని వస్తువు అంటగట్టడం కష్టం.

ప్రాసెసర్ నంబరులోనే దాని తరం తెలుస్తుంది. ఐ5-3470 అంటే మూడో తరం, ఐ5-8500 అంటే ఎనిమిదో తరం, ఐ5-10400 అంటే పదో తరం. రెండు నుంచి నాలుగో తరం వరకు డెస్క్‌టాప్‌లలో ఉండేది డీడీఆర్3 ర్యామ్. ఆరో తరం నుంచి ఎక్కువగా డీడీఆర్4. రెండింటికీ గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కు పనికిరాదు.

మొదటి ఖర్చు ఎస్‌ఎస్‌డీ మీదే

హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే ఒక చేయి ఉంటాయి. కొత్త చోట ఉన్న ఫైలును అందుకోవడానికి ఆ చేతికి ప్రతిసారీ 10 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. విండోస్ లేచేటప్పుడు చదవాల్సిన చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఆలస్యమంతా అక్కడ పోగవుతుంది. ఎస్‌ఎస్‌డీ అంటే డేటాను చిప్‌లలోనే దాచే డిస్క్. అందులో కదిలే భాగమే లేదు, ఆ వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతు కూడా తీసుకోదు.

మీ పాత బోర్డుకు మామూలు 2.5 అంగుళాల సాటా (హార్డ్ డిస్క్‌ను బోర్డుకు కలిపే కనెక్షన్ రకం) ఎస్‌ఎస్‌డీ సరిపోతుంది. ఎన్‌వీఎంఈ రకం ఇంకా వేగమైనదే కానీ పాత బోర్డుల్లో దానికి స్లాట్ ఉండదు. హెచ్61 చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) ఉన్న బోర్డుల్లో సాటా 2 అనే పాత, తక్కువ వేగం రకం పోర్టులే ఉంటాయని, అక్కడ ఎస్‌ఎస్‌డీ దండగని కొందరంటారు. ఆ మాట నమ్మొద్దు. అక్కడ పెద్ద ఫైళ్ల కాపీ వేగం సెకనుకు 550 ఎంబీకి బదులు 270 ఎంబీ దగ్గర ఆగుతుంది, నిజమే. కానీ చిన్న ఫైళ్లను అందుకునే చురుకుదనం దాదాపు అలాగే ఉంటుంది, రోజువారీ పనిలో మనకు తెలిసే తేడా అదే. హెచ్81 బోర్డయితే నాలుగు పోర్టుల్లో రెండు వేగమైన సాటా 3వి, కేబుల్ వాటిలోనే పెట్టండి.

విండోస్‌కు, ప్రోగ్రామ్‌లకు 240 లేదా 256 జీబీ చాలు. ఫొటోలు, సినిమాలు పాత డిస్క్ మీదే ఉంచుకోవచ్చు. కనీసం మూడేళ్ల వారంటీ ఉన్న తెలిసిన కంపెనీదే కొనండి, బిల్లు తప్పకుండా తీసుకోండి. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని 2 టీబీ డిస్క్ నమ్మలేనంత చవగ్గా కనిపిస్తే దాని జోలికి పోవద్దు. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించే నకిలీలు ఉన్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవారికి సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) పక్కపక్కనే షాపులుంటాయి, రెండు మూడు చోట్ల ధర అడిగి తీసుకోవచ్చు. సాటా కేబుల్ చాలాసార్లు డబ్బాలో రాదు, విడిగా అడగండి.

ర్యామ్ ఎంత?

4 జీబీతో ఇప్పటి బ్రౌజర్లు నడపడం నరకం. 8 చేసుకోండి. ఎక్కువ ట్యాబ్‌లు తెరిచి పనిచేసేవారు, ఫొటో ఎడిటింగ్ చేసేవారు తప్ప మిగతావారికి 16 అవసరం రాదు. హెచ్61, హెచ్81 బోర్డులకు 16 జీబీయే గరిష్ఠం కూడా. రెండు స్లాట్లలో సమానమైన సైజు ర్యామ్‌లు పెడితే రెండూ కలిసి పనిచేసి కొంత వేగం పెరుగుతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. డీడీఆర్3ని సెకండ్ హ్యాండ్‌లో టెస్టింగ్ వారంటీ అడిగి కొనుక్కోవడంలో తప్పులేదు. మీ విండోస్ 32 బిట్ అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు, 64 బిట్ వేసుకున్నాకే కొత్త ర్యామ్ పనికొస్తుంది.

బిగించే క్రమం

అన్నిటికంటే ముందు ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ట్యాలీ డేటా మరో డిస్క్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయండి. ఇది చేయకుండా స్క్రూ ముట్టుకోవద్దు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో పాత డిస్క్ పసుపు లేదా ఎరుపు రంగు చూపిస్తే ఆ డిస్క్‌ను ఇక నమ్మొద్దు, ఉన్నదంతా వెంటనే బయటికి తీయండి.

1. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను అయిదు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది.

2. క్యాబినెట్ పక్క తలుపు తీసి లోపల ఒక ఫొటో తీసుకోండి. ఏ వైరు ఎక్కడుందో తర్వాత సందేహం వస్తే అదే దిక్కు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ తిరగకుండా వేలితో ఆపండి.

3. ర్యామ్ ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. శరీరంలోని స్థిర విద్యుత్తు చిప్‌లను పాడుచేయగలదు. క్లిప్పులు తెరిచి, గాడి సరిచూసి, రెండు చివరలా సమానంగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది.

4. ఎస్‌ఎస్‌డీని స్క్రూలతో బిగించి, సాటా కేబుల్, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే పవర్ వైరు పెట్టండి. పాత హార్డ్ డిస్క్ కేబుల్ మాత్రం ప్రస్తుతానికి తీసేయండి, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ వేశాక మళ్లీ పెట్టండి. అది ఉండగా విండోస్ వేస్తే బూట్ ఫైళ్లు (సిస్టమ్‌ను లేపేవి) పాత డిస్క్ మీదకు వెళ్లే అవకాశం ఉంది. రేపు ఆ డిస్క్ పోతే సిస్టమ్ లేవదు.

ఆన్ చేస్తే డిస్‌ప్లే రాకపోతే కంగారు వద్దు. మళ్లీ ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. గడియారం రోజూ పాత తేదీకి వెళ్లిపోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్చండి. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు.

విండోస్ 11 సంగతి

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ వరకు వస్తాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు ఉండాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరం ఆపై ప్రాసెసర్ ఉండాలి. పాతవాటిలో ఎలాగోలా వేసిస్తామనే వాళ్లుంటారు. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో ఆ అడ్డదారి వద్దని నా సలహా.

బ్రౌజింగ్, చదువు, ఉత్తరాలు రాసుకోవడం వరకే అయితే విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ ఉచితం, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడిపి చూసి, నచ్చితేనే వేసుకోవచ్చు. ట్యాలీ వాడేవారు, అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవారు మాత్రం విండోస్‌లోనే ఉండాలి. అలాంటివారికి అసలైన అప్‌గ్రేడ్, ఎనిమిదో తరం ఐ5 ఉన్న రీఫర్బిష్డ్ (వాడినదాన్ని సరిచేసి అమ్మే) ఆఫీస్ డెస్క్‌టాప్. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి కంపెనీలు మార్చేసినప్పుడు మార్కెట్‌లోకి వస్తాయి. "కొత్త ఐ5 సిస్టమ్, చవక" అంటూ హెచ్61 బోర్డు మీద మూడో తరం ప్రాసెసర్ పెట్టి అమ్మేదానికంటే ఇవి ఎంతో నయం. కొనేముందు ప్రాసెసర్ నంబరు మీరే తెరిచి చూడండి, యూఎస్‌బీ పోర్టులన్నీ పెన్‌డ్రైవ్‌తో పరీక్షించండి. వీటిలో చాలావాటి ఎస్‌ఎంపీఎస్ కంపెనీ సొంత తరహాది. పాడైతే మామూలు షాపులో దొరికేది పట్టకపోవచ్చు కాబట్టి, దానికి కూడా వారంటీ వర్తిస్తుందని బిల్లు మీద రాయించుకోండి.