రైల్వే స్టేషన్లో జనాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌తో తీయడం ఎలా?

సంక్రాంతి ముందు హైదరాబాదు నుంచి వచ్చిన బండి భీమవరం టౌన్‌లో ఆగిందంటే ప్లాట్‌ఫామ్ మీద ఇసకేస్తే రాలదు. లాంగ్ ఎక్స్‌పోజర్‌కి (అంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచి తీయడానికి) అంతకన్నా మంచి అదను లేదు. కానీ ఏటా కనబడే ఫొటోల్లో జనం ఉండరు, బూడిదరంగు మరక ఉంటుంది.

1. ముందుగా రైల్వేవాళ్ల అనుమతి తీసుకోండి. ట్రైపాడ్, ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే నల్లద్దం, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది) చాలు. పసుపు గీతకు బాగా ఇవతల, దారికి అడ్డం లేకుండా నిలబడండి.

2. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందన) 100, ఎఫ్/8 (లెన్స్ రంధ్రం కొలత), నొక్కాక రెండు సెకన్లు ఆగి తీసే టైమర్. ఫోకస్ చేశాక దాన్ని మాన్యువల్‌కి మార్చి, అప్పుడు ఫిల్టర్ బిగించండి.

3. ఇక షట్టర్. అందరూ బోల్తా పడేది ఇక్కడే. ముప్పై సెకన్లు పెడితే నడిచే మనిషి ఏ చోటా నిలవడు, ఆనవాలు మిగలదు, కిక్కిరిసిన ప్లాట్‌ఫామ్ మీద బూడిదరంగు మరకే వస్తుంది. మరీ తగ్గిస్తే చెయ్యి వణికినట్టుంటుంది. ఒక్క సెకను పెట్టండి. ఫిల్టర్ లేకుండా కెమెరా 1/60 సెకను చూపించే వెలుతురులో ఆరు స్టాపులంటే 64 రెట్లు, అంటే సుమారు సెకను.

సెకను కుదిరినా సరిపోదు. ఫ్రేములో కదలని మనిషి ఒకరుండాలి, లేకపోతే చుట్టూ ఉన్నవాళ్లు కదులుతున్నట్టే తెలియదు. గోనెసంచి మీద కూర్చుని బండికేసి చూస్తున్న మామ్మగారు కనబడితే వెళ్లి అడగండి: "మామ్మగారూ, ఓ ఫొటో తీసుకుంటానండి, కాస్త కదలకుండా కూర్చుంటారా?" ఆవిడ చీర అంచు స్పష్టంగా రావాలి, పక్కనుంచి వెళ్లే తెల్లపంచెలు చారల్లా సాగాలి. వెనక నీడ ఉంటే తెల్లచారలు బాగా కనబడతాయి, ముదురు రంగులు అందులో కలిసిపోతాయి. అందుకే అలాంటి చోటు వెతకండి.

పైవంతెన ఎక్కి తీస్తే మధ్యలో ట్రైపాడ్ పెట్టకండి. జనం నడుస్తుంటే వంతెన ఊగుతుంది, స్తంభం పైకి వచ్చే చోట ఊపు తక్కువ. పక్క లైన్లో బండి పోతుంటే ఆగండి.

పది ఫొటోలు తీసి కంప్యూటర్లో కలిపేవాళ్లున్నారు. అడుగులు తెగిపోయి కనబడతాయి. ఒక్క ఫ్రేములోనే తీయాలి.

4. తీసిన వెంటనే పెద్దది చేసి మామ్మగారి కళ్లు చూడండి. చెదిరితే ఇంకోటి తీయండి, బండి దిగే జనం ఇంకా ఉండగానే.