నోమిక్‌లో ‘అబద్ధం ఆడకూడదు’ రూలు: ఎక్కడ చెడుతుంది, ఎలా బాగుచేయాలి

నోమిక్ తెలియనివాళ్ళకు ముందుగా నాలుగు ముక్కలు. రూల్స్ మార్చడమే ఆటగా పీటర్ సూబర్ అనే తత్వశాస్త్ర అధ్యాపకుడు దీన్ని తయారుచేశాడు. 1982 జూన్‌లో డగ్లస్ హాఫ్‌స్టాడ్టర్ సైంటిఫిక్ అమెరికన్‌లోని తన శీర్షికలో పరిచయం చేశాడు. మొదట 29 రూల్స్ ఉంటాయి. 101 నుంచి 116 దాకా ఉన్నవి మార్చడం కష్టం, 201 నుంచి 213 దాకా ఉన్నవి సులువు. మీ వంతు వచ్చినప్పుడు ఒక మార్పు ప్రతిపాదించి ఓటింగ్ పెట్టాలి, తర్వాత పాచిక వేయాలి. ముందు 100 పాయింట్లు చేరినవాళ్ళు గెలుస్తారు. కొత్త ప్రతిపాదనలకు 301 నుంచి నంబర్లు పడతాయి.

రూల్ 116 ప్రకారం రూల్స్‌ని మార్చడం తప్ప, నిషేధం లేనిదేదైనా చేయవచ్చు. అంటే అబద్ధానికి మొదటిరోజే లైసెన్స్ ఉందన్నమాట. అందుకే కొన్ని రౌండ్లయ్యాక ఎవరో ఒకరికి నిజాయితీ రూలు పెట్టాలనిపిస్తుంది. మేమూ పెట్టాం.

సమస్య: పొరపాటు చేసినవాళ్ళకే కోత పడుతోంది

మా రూల్ 307 ఒక్క లైనే: “ఆటగాళ్ళెవరూ అబద్ధం చెప్పకూడదు, చెబితే 10 పాయింట్లు కోత.” మరుసటి వంతులోనే ఒకతను “నాకు 62” అన్నాడు. నోట్‌బుక్‌లో 58 ఉంది. పక్కన కూర్చున్నావిడ “కావాలనే చెప్పావు” అంది. అతనికి 10 పోయాయి. తీరా చూస్తే కూడికలో తప్పు. అంటే “కావాలనే” అన్న మాట నిజం కాదు కదా, ఆవిడకీ 10 పోయాయి. తీర్పు చెప్పిన జడ్జి మీద మూడో కేసు పడబోతుంటే టీ తాగుదామని లేచాం.

కారణం: ఆ లైను మాట నిజమా కాదా అనే చూస్తోంది, చెప్పినవాడికి ఆ సంగతి తెలుసా అని చూడడం లేదు.

పరిష్కారం: రెండు షరతులు కలిసి ఉండాలి. చెప్పేటప్పుడు అది నిజం కాదని అతనికి తెలిసుండాలి, ఎదుటివాళ్ళను తప్పుదారి పట్టించే ఉద్దేశమూ ఉండాలి. 1993 నుంచి సాగుతున్న అగోరా అనే నోమిక్‌లోనూ ఇలాంటి రెండు షరతులే పెట్టుకున్నారు.

దీంతో ఇంకో తలనొప్పి కూడా పోయింది. “నేనిప్పుడు చెబుతున్నది అబద్ధం” అని ఒకడు గెలవాలని చూస్తాడు, ఎందుకంటే ఒక ఎత్తు రూల్స్‌కి లోబడినదో కాదో తేలకపోతే, వంతు పూర్తిచేయలేకపోయిన మొదటివాడే విజేత అని రూల్ 213 చెబుతుంది. కానీ ఆ మాటతో ఎవరు మోసపోయారు? ఎవరూ లేరు. ఉద్దేశం లేదు కాబట్టి కేసే లేదు.

సమస్య: “20 పాయింట్లు తీసుకుంటున్నాను” అన్నాడు. ఆ పాయింట్లు పడ్డాయా?

నన్నడిగితే అసలు చిక్కు ఇదే. నోమిక్‌లో చాలాచోట్ల చెప్పడమే చేయడం. “ఓటు వేస్తున్నాను” అంటే ఓటు పడిపోతుంది. కాబట్టి లేని అధికారంతో “తీసుకుంటున్నాను” అన్నప్పుడు సగంమంది పాయింట్లు పడ్డాయి, జరిమానా వేద్దామంటారు. మిగతా సగం అసలు పడనేలేదంటారు. మేం దీనిమీద గంటన్నర కొట్టుకున్నాం.

కారణం: ‘కూడదు’, ‘చెల్లదు’ అనే రెండు మాటల్ని ఒకటే అనుకుని రాయడం. టికెట్ లేకుండా రైలెక్కకూడదు. ఎక్కితే మాత్రం రైలు ఊరికి చేరుస్తుంది, పట్టుబడితే ఫైన్ కడతారు. 2016లో రద్దయిన వెయ్యి నోటు అలా కాదు, అది చెల్లదు. కిరాణా కొట్లో ఇస్తే ఉప్పు ప్యాకెట్ కూడా రాదు.

పరిష్కారం: రూలు రాసేటప్పుడు ఈ రెంటిలో ఏది కావాలో ముందే తేల్చుకోండి. ఉత్తుత్తి ప్రకటనకు మేం రెండూ పెట్టాం: పాయింట్లు పడవు, మోసం చేయాలని అన్నట్టు తేలితే కోత కూడా ఉంటుంది.

సమస్య: మాట నిజమే, అయినా అందరూ మోసపోయారు

ధర్మరాజు కేసు. ‘కుంజరః’ గొంతులో నొక్కేశాడు. వినబడిందే మాట అని రూలు రాసినా దొరకడు, ఎందుకంటే చచ్చిన ఏనుగు పేరూ అశ్వత్థామే! వినేవాళ్ళు మామూలుగా చేసుకునే అర్థంలో మాటను చూడాలి అని రాస్తేనే దొరుకుతాడు. కానీ అంతదూరం వెళ్ళొద్దనే నా సలహా. సగం నిజాలు కూడా నేరమైతే ఇక ఈ ఆటలో ఆడటానికేం మిగలదు. గొణుగుడు మాత్రం లెక్కలోకి రాదని రాసుకోండి, చాలు.

సమస్య: ఎవరూ నోరు విప్పడం లేదు

కారణం: రూలు అన్ని మాటలకూ వర్తిస్తోంది. “ఉప్మా బాగుంది” అనడానికీ జనానికి టెన్షన్.

పరిష్కారం: మినహాయింపుల జాబితా మొదలుపెట్టకండి. బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ బొంకవచ్చో శుక్రాచార్యుడు వరసపెట్టి చెప్పాడు కదా, అలాంటి జాబితాలో ప్రతి పదమూ వచ్చేవారం ఒక కేసవుతుంది. దానికి బదులు రూలు వర్తించే చోట్లు రాయండి: స్కోరు, ఓట్లు, రూల్స్‌లో ఏముందన్నది. మిగతా కబుర్లు రూలు బయటే.

సమస్య: పోయిన వారం అబద్ధానికి ఈరోజు శిక్ష వేయాలంటున్నారు

కుదరదు. ఏ మార్పూ వెనక్కి వర్తించదని రూల్ 107 చెబుతుంది. అది గట్టి రూల్స్‌లో ఒకటి.

సమస్య: ఎవరిమీదా కేసు నిలవడం లేదు

కారణం: “నాకు తెలీదు” అంటే వదిలేయాల్సి వస్తోంది. మనసులో ఏముందో జడ్జికేం తెలుసు? పైగా రూల్ 212 ప్రకారం వంతు ఆడుతున్నవాడికి ముందు ఆడినవాడే జడ్జి, అతనికీ ఈ ఆటలో లాభనష్టాలుంటాయి.

పరిష్కారం: జడ్జి మనసు చదవక్కర్లేకుండా చేయండి. నోట్‌బుక్ బల్లమీద తెరిచి ఉంచాలి, అందులో రాసింది అందరికీ తెలిసినట్టే లెక్క. తప్పు ఎత్తిచూపిన వెంటనే దిద్దుకుంటే కోత ఉండదు.

ఇప్పుడు మా నోట్‌బుక్‌లో ఉన్న పాఠం ఇది:

“రూల్ 319. స్కోరు, ఓట్లు, రూల్స్ పాఠం గురించి అందరికీ వినబడేలా అన్న మాట నిజం కాదని తెలిసీ, ఇతరులను తప్పుదారి పట్టించడానికే అంటే 10 పాయింట్లు కోత. నోట్‌బుక్‌లో ఉన్నది అందరికీ తెలిసినట్టే. తప్పు ఎత్తిచూపగానే దిద్దుకున్నవారికి కోత లేదు. అధికారం లేకుండా చేసిన ప్రకటన చెల్లదు.”

ఓటింగ్‌లో నెగ్గింది. అయితే “ఎత్తిచూపగానే” అంటే ఎంతసేపు అని పోయిన ఆదివారం ఒకావిడ అడిగింది. ఈ వారం 324 దానిమీదే.