చీమకుర్తి ఆఫీసులో వర్చువల్ డెస్క్‌టాప్: మౌస్ నత్తనడక ఎలా తగ్గిందంటే

ఇక్కడి గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో డ్రాయింగులు గీసేవాళ్లు అజ్యూర్ వర్చువల్ డెస్క్‌టాప్ వాడతారు. అంటే అసలు కంప్యూటర్ మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లో ఉంటుంది, దాని తెర మాత్రం నెట్ ద్వారా ఇక్కడ కనిపిస్తుంది. మౌస్ కదిపిన కాసేపటికి గాని గీత కదిలేది కాదు. అందరూ నెట్‌ని తిట్టేవాళ్లు. స్పీడ్ టెస్ట్ చూస్తే బ్రహ్మాండం. అసలు సంగతి దూరం: మెషీన్లు సింగపూర్‌లో ఉన్నాయి. ఫైబర్‌లో కాంతికి వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 5 మిల్లీసెకన్లు పడుతుంది, పైగా రానూపోనూ లెక్కేయాలి. బ్యాండ్‌విడ్త్ ఎంత కొన్నా అది తగ్గదు.

అజ్యూర్‌కి చెన్నైలో ఉన్న సౌత్ ఇండియా రీజియన్‌కి (డేటా సెంటర్ల ప్రాంతం) ఇమేజ్, అంటే మెషీన్ల మూల నమూనా, కాపీ చేసి, కొత్త సెషన్ హోస్టులు (అందరూ లాగిన్ అయ్యే మెషీన్లు) పెట్టాను. (కావలసిన వీఎం, అంటే వర్చువల్ మెషీన్, సైజు, వాటికి సరిపడా కోటా అక్కడ దొరుకుతాయో లేదో ముందే చూసుకోండి.) మౌస్ దారికొచ్చింది, లాగిన్ మాత్రం ఇంకా నెమ్మదిగానే అయ్యేది. ఎఫ్ఎస్‌లాజిక్స్ ప్రొఫైళ్లు (ఒక్కొక్కరి సెట్టింగులు, ఫైళ్లు దాచి, లాగిన్ అయినప్పుడు తగిలించే డిస్క్ ఫైళ్లు) ఇంకా సింగపూర్ స్టోరేజీలోనే ఉన్నాయి మరి! రాత్రిపూట అందరినీ సైన్ అవుట్ చేయించి వాటినీ చెన్నైకి తెచ్చాను. ప్రొఫైల్ వాడకంలో ఉండగా కాపీ చేస్తే ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది.

ఆఖరికి ఫైర్‌వాల్‌లో బయటికి వెళ్లే యూడీపీ పోర్టు 3478 తెరిచాక ఆర్‌డీపీ షార్ట్‌పాత్ (తెర, మౌస్ సమాచారాన్ని యూడీపీ మీద త్వరగా పంపే దారి) అందుకుంది. కనెక్షన్ వివరాల్లో యూడీపీ అని కనబడాలి. టీసీపీ అని ఉంటే ఇంకా గేట్‌వే (మధ్యలో ఉండే మైక్రోసాఫ్ట్ సర్వర్) మీదుగా చుట్టూ తిరిగి వస్తున్నట్టే.