నలభై దాటాక నడక మొదలుపెట్టేవారికి

డాక్టరు నడవమన్నారని మొదటి రోజే ఐదు కిలోమీటర్లు నడిచి, మూడో రోజుకల్లా మోకాలు పట్టుకుని కూర్చున్నవారు ప్రతి వీధిలోనూ ఒకరిద్దరు ఉంటారు. నడక మధ్యలో ఆగిపోవడానికి బద్ధకం కంటే ఈ తొందరే పెద్ద కారణమని నా అభిప్రాయం. కొన్నేళ్లుగా కుర్చీకి అలవాటుపడిన శరీరం మొదటి వారంలో రోజుకు 10 నిమిషాలకు మించి కోరదు. వారానికి ఐదేసి నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే నెల తిరిగేసరికి 25 నిమిషాలు, ఆపై వారంలో 30 నిమిషాలు అవుతాయి. వారానికి ఐదు రోజులు అలా నడిస్తే 150 నిమిషాలు. పెద్దవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే కనీస వ్యాయామం కూడా అంతే. ఒకేసారి అరగంట కుదరనివారు ఉదయం కొంత, సాయంత్రం కొంత నడిచినా లెక్కలోకి వస్తుంది.

రోజుకు 10,000 అడుగులు వేయకపోతే నడిచినట్టే కాదనుకునేవారికి ఒక మాట చెప్పాలి. ఆ అంకె వైద్యశాస్త్రం నుంచి రాలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి సంవత్సరం, 1965లో, జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగులు లెక్కించే పరికరానికి పెట్టిన పేరుకు ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం. పేరు బాగుంది కాబట్టి అంకె నిలిచిపోయింది. ఫోను 6,000 చూపించిందని దిగులుపడి రాత్రి పదింటికి హాల్లో గిరగిరా తిరగవలసిన అవసరం లేదు.

అడుగుల సంఖ్యతో పాటు వేగమూ ముఖ్యమే. బజారుకు వెళ్లినట్టు నింపాదిగా నడవడం కూర్చోవడం కంటే మేలే గాని, గుండెకు పని పడాలంటే నిమిషానికి సుమారు 100 అడుగులు పడాలి. పదిహేను సెకన్లలో 25 అడుగులు వేస్తున్నారేమో లెక్కపెట్టుకుంటే చాలు. ఇంతకంటే తేలికైన కొలత ఊపిరి. పక్కనున్నవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడటం కుదరకూడదు. మాట కూడా తెగిపోతుంటే వేగం తగ్గించాలి. బీపీకి గాని గుండెకు గాని మెటోప్రొలోల్ వంటి మాత్రలు వాడేవారిలో నాడి వేగం అంతగా పెరగదు కాబట్టి, చేతి గడియారం చూపే అంకెను నమ్ముకోవడం కంటే ఈ మాటల పరీక్షే వారికి నమ్మకమైనది. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మాత్రం ఎవరికైనా నెమ్మదిగానే సాగాలి.

షుగరు ఉన్నవారు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గాని వేసుకుని, ఏమీ తినకుండా పార్కుకు బయలుదేరడం చాలా ఇళ్లలో కనిపించే పొరపాటు. మందు ఒకవైపు, నడక మరొకవైపు చక్కెరను తగ్గిస్తాయి. కడుపులో ఏమీ లేనందున అది 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, కళ్లు మసకబారడం మొదలైతే వెంటనే కూర్చుని మూడు చెంచాల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగాలి, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. అందుకే జేబులో గ్లూకోజు పొట్లం, పేరూ ఫోను నంబరూ రాసిన చీటీ ఉంచుకోవడం మంచిది. మందు వేళను సొంతంగా మార్చకుండా డాక్టరును అడగాలి. భోజనం తర్వాత పెరిగే చక్కెరను అదుపు చేయడానికి రాత్రి అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాల తేలికపాటి నడక బాగా పనిచేస్తుంది. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం నిండు కడుపుతో వేగంగా నడవకూడదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి గుచ్చుకున్న ముల్లు కూడా తెలియదు కాబట్టి, గడ్డి మీదైనా సరే, ఒట్టి కాళ్లతో నడవరాదు. ఇంటికి రాగానే అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి.

బూట్లు సాయంత్రం పూట కొనాలి, అప్పటికి పాదాలు కొంత ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు జాగా ఉండాలి. ఖరీదు కంటే మడమ దగ్గర పట్టు ముఖ్యం.

ఇక దారి సంగతి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు, విశాఖలో బీచ్ రోడ్డు ఉన్నవారు అదృష్టవంతులు. మిగతా ఊళ్లలో కాలేజీ మైదానమో, చెరువు కట్టో వెతుక్కోవాలి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడవక తప్పకపోతే కుడి పక్కన, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా నడవాలి. వెనుక నుంచి వచ్చే లారీ కంటికి కనబడదు. తెల్లవారకముందు లేత రంగు బట్టలు వేసుకోవాలి, ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే వదిలిపెట్టాలి, నలుగురు వరుసగా రోడ్డంతా పరుచుకుని కబుర్లతో నడవకూడదు. కుక్క వెంటబడితే పరుగెత్తకుండా నిలబడి, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా తప్పుకోవాలి. కరిస్తే గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రోహిణి కార్తెలో ఏడింటికల్లా ఇంటికి చేరుకునేలా బయలుదేరాలి.

నడుస్తుండగా గుండె మీద బరువు పెట్టినట్టు అనిపించినా, నొప్పి దవడకు గాని ఎడమ చేతికి గాని పాకినా, చల్లటి చెమట పట్టినా, గ్యాస్ అని సర్దిచెప్పుకోకుండా అక్కడే ఆగి 108కి ఫోను చేయాలి. మోకాలి నొప్పి మరుసటి రోజుకు కూడా తగ్గకపోతే నడిచే సమయాన్ని సగానికి తగ్గించి, ఎత్తుపల్లాలు లేని దారి ఎంచుకోవాలి. వానాకాలంలో జారే నాచు మీద అడుగు వేయడం కంటే వరండాలో నడవడం నయం. జ్వరం వచ్చి వారం రోజులు మానేస్తే ఆపిన చోట నుంచి కాకుండా, సగం సమయంతో మళ్లీ మొదలుపెట్టాలి.