లివర్‌మోర్ చిన్న వైనరీలు: రుచి చూడడం ఎలా, కొనడం ఎలా

బే ఏరియా తెలుగువాళ్లకు లివర్‌మోర్ అనగానే గుర్తొచ్చేది శివవిష్ణు ఆలయం. గుడి 580 ఫ్రీవేకి ఉత్తరాన ఉంటే, దక్షిణాన ఊరు దాటగానే ద్రాక్షతోటలు మొదలవుతాయి. నాపా పేరు మోగినంతగా ఈ లోయ పేరు మోగలేదు. కానీ వెంటీ, కాన్‌కానన్ కుటుంబాలు ఇక్కడ తోటలు వేసింది 1883లోనే. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి గ్రాండ్ ప్రీ గెలిచిన క్రెస్టా బ్లాంకా వైన్ కూడా ఈ లోయదే. ఇప్పుడున్న వైనరీల్లో ఎక్కువ భాగం చిన్నవి, భార్యాభర్తలో ఒక కుటుంబమో నడిపేవి. టెస్లా రోడ్డు, గ్రీన్‌విల్ రోడ్డు, సౌత్ లివర్‌మోర్ అవెన్యూ పట్టుకుని తిరిగితే చాలావరకు తగులుతాయి.

కొత్తగా వెళ్లేవాళ్లు చేసే పొరపాటు ఒకటే: రోజులో ఐదారు వైనరీలు చుట్టేయడం. మూడో చోటు దాటాక నాలుక మొద్దుబారిపోతుంది, అన్నీ ఒకేలా అనిపిస్తాయి, సాయంత్రానికి ఏది ఎక్కడ తాగారో గుర్తుండదు. రోజుకి రెండు వైనరీలు చాలు, మూడు దాటొద్దు. ఆ రోజుకి ఒక ద్రాక్ష రకాన్ని ఎంచుకుని, వెళ్లిన ప్రతిచోటా దాన్నే ముఖ్యంగా రుచి చూడండి. ఒకే రకం ఇద్దరి చేతుల్లో ఎలా మారుతుందో పక్కపక్కన చూసినంత తొందరగా వైన్ మరో దారిలో అర్థం కాదు. లివర్‌మోర్‌లో ఆ రకం పెటీట్ సిరా అయితే బాగుంటుంది. దాన్ని ఆ ద్రాక్ష పేరుతోనే సీసాల్లో నింపి అమ్మడం కాన్‌కానన్ వాళ్లు 1961 పంటతో మొదలుపెట్టారు. చిన్న కాయ, మందమైన నల్లటి తోలు, పళ్లు నీలంగా మారేంత రంగు, బాగా వగరు. తెల్ల వైన్‌లలో సావిన్యాన్ బ్లాంక్ తీసుకోండి.

బయల్దేరే ముందు

కారు ఎవరు నడుపుతారన్నది ముందే తేల్చుకోండి. ఒక్కో టేస్టింగ్‌లో ఐదారు వైన్‌లు పోస్తారు, ఒక్కోటి 30 నుంచి 60 మిల్లీలీటర్లు. ఆరింటిని 45 చొప్పున లెక్కేస్తే 270 మిల్లీలీటర్లు. ఇక్కడి ఎర్ర వైన్‌లలో ఆల్కహాల్ 14 శాతం పైమాటే కాబట్టి, అమెరికా లెక్కల ప్రకారం ఒక్క వైనరీలోనే రెండు డ్రింకులకు పైగా పడతాయి. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే కేసు. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. తాగి నడిపినందుకు అరెస్టయితే చాలు, కోర్టులో నేరం రుజువు కాకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయగలదు. కాబట్టి అసలు తాగని మనిషిని వెంట తీసుకెళ్లండి, లేదా క్యాబ్ మాట్లాడుకోండి. 'ఉమ్మేస్తున్నాను కదా' అని స్టీరింగ్ పట్టుకోవద్దు. ఉమ్మినా కొంత ఒంట్లోకి వెళ్తుంది.

చాలా చిన్న వైనరీలు శుక్రవారం నుంచి ఆదివారం దాకానే తెరుస్తాయి, అదీ మధ్యాహ్నం మొదలై ఐదింటికల్లా మూసేస్తాయి. తెరిచిన మొదటి గంటలో వెళ్తే పోసేవాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది, చాలాసార్లు పోసేది వైన్ చేసిన మనిషే. నలుగురికి మించి వెళ్తే ముందే చెప్పాలి. పిల్లల్ని రానిస్తారా, బయటి తిండి తెచ్చుకోవచ్చా అన్నది కూడా ఫోన్లోనే కనుక్కోండి, ఒక్కోచోట ఒక్కో పద్ధతి. 21 ఏళ్లు నిండినట్టు చూపే గుర్తింపు కార్డు అందరి దగ్గరా ఉండాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే వాళ్ల పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు.

ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా కోతలు. అప్పుడు వెళ్తే ద్రాక్షగుత్తులు యంత్రంలో పడడం, పులుస్తున్న తొక్కల వాసన, అన్నీ కళ్లముందే ఉంటాయి. కాకపోతే యజమానులు ఊపిరి సలపని పనిలో ఉంటారు. నింపాదిగా మాట్లాడాలంటే ఫిబ్రవరి, మార్చి మంచివి.

ఆ రోజు సెంటు, అత్తరు, మల్లెపూలు వద్దు. మీకే కాదు, పక్క బల్ల వాళ్లకీ వైన్ వాసన తెలియకుండా పోతుంది. గంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి, సోంపు, కిళ్లీ మానేయండి. పళ్లు తోమిన వెంటనే ఏ వైన్ అయినా చేదే. అలాగని ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. కారం తక్కువ ఉన్న తిండి, పెరుగన్నమో ఇడ్లీయో, కడుపునిండా తిని వెళ్లండి.

గ్లాసు చేతికి వచ్చాక

గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, గిన్నె భాగం పట్టుకుంటే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. తిప్పకముందే ఒకసారి వాసన చూడండి. తర్వాత గ్లాసును బల్ల మీదే ఉంచి నాలుగైదుసార్లు గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి మళ్లీ చూడండి. రెండు వాసనల మధ్య తేడాయే మీకు మొదటి సమాచారం. వాటికి మనకు తెలిసిన పేర్లే పెట్టుకోండి. పెటీట్ సిరాలో నేరేడు పండు, మిరియాలు తగులుతాయి. సావిన్యాన్ బ్లాంక్‌లో నిమ్మతొక్క, పచ్చి జామ. కాబెర్నే సావిన్యాన్‌లో క్యాప్సికం వాసన గట్టిగా కొడితే కాయ పూర్తిగా పండకముందే కోశారని అనుమానించవచ్చు. లవంగం వాసన ఓక్ పీపాలోంచి వస్తుంది. లవంగంలో ఉండే యూజినాల్ కాల్చిన ఓక్‌లోనూ ఉంది. కొబ్బరి వాసన వస్తే పీపా అమెరికన్ ఓక్‌ది అయ్యుండే అవకాశం ఎక్కువ.

మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోవద్దు, అది నోటిని సిద్ధం చేయడానికే. రెండో గుక్క రెండు చెంచాలంత తీసుకుని, ఐదారు సెకన్లు నోరంతా తిప్పి, పెదాలు కొద్దిగా తెరిచి గాలి లోపలికి పీల్చండి. ఆ తర్వాత మింగడమో, బల్ల మీద పెట్టిన గిన్నెలో ఉమ్మడమో మీ ఇష్టం. ఉమ్మితే ఎవరూ తప్పుపట్టరు, తెలిసినవాడని గౌరవిస్తారు కూడా. గ్లాసులో మిగిలింది కూడా ఆ గిన్నెలోనే పారబోయవచ్చు. ఇక నాలుగు సంగతులు గమనించండి. పులుపు: దవడల పక్కన నీరు ఎంత ఊరుతోంది? వగరు: చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు ఎంత పట్టేసినట్టుంది? ఘాటు: గొంతులో ఆల్కహాల్ మంట ఉందా? నిడివి: మింగాక రుచి ఎన్ని సెకన్లు నిలిచింది? పది సెకన్లకు పైగా మంచి రుచే నిలిస్తే అది బాగా చేసిన వైన్. ఒక్కో వైన్‌కి ఒక్క లైను ఫోన్‌లో రాసుకోండి. పేరు, సంవత్సరం, ఈ నాలుగు, అంతే.

పండు వాసన బాగా వస్తే ఆ వైన్ తీపి అనుకోవడం కొత్తవాళ్లలో మామూలు. తేల్చుకోవాలంటే ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. ముక్కు మూస్తే వాసన పోయి, నాలుకకు తెలిసే తీపి, పులుపు, చేదు మాత్రమే మిగులుతాయి. చాలా సందర్భాల్లో ఆ 'తియ్యటి' వైన్‌లో తీపి లేదని అప్పుడు తెలుస్తుంది.

తెల్లవి, గులాబీ రంగువి అయ్యాక ఎర్రవి, పలుచనివి అయ్యాక చిక్కనివి పోస్తారు. ఆ వరుస మార్చమని అడగొద్దు గానీ, ఒకే ద్రాక్ష రెండు సంవత్సరాలది పక్కపక్కన కావాలంటే రెండో గ్లాసు అడగండి, సంతోషంగా ఇస్తారు. మధ్యలో గ్లాసు నీళ్లతో కడిగితే అడుగున మిగిలిన చుక్కలు తర్వాతి వైన్‌ను పలుచన చేస్తాయి. తర్వాత రాబోయే వైన్ ఒక చెంచాడు పోయించుకుని దాంతోనే తొలిపి పారబోయడం మేలు. ఇంకో మాట: చీజ్ ప్లేటు ముందే వచ్చినా కొనాలో వద్దో తేలేదాకా ముట్టుకోవద్దు. చీజ్‌లోని కొవ్వు, ఉప్పు వగరును కప్పేస్తాయి, మామూలు వైన్ కూడా మెత్తగా, గొప్పగా అనిపిస్తుంది.

లివర్‌మోర్ వేసవి మధ్యాహ్నాలు మండిపోతాయి. బయట బల్ల మీద పావుగంట ఉన్న ఎర్ర వైన్ వెచ్చబడి, పండు రుచి పోయి ఆల్కహాల్ ఒక్కటే గుచ్చుతుంది. తప్పు వైన్‌ది కాదు. ఎర్ర వైన్‌కి 60 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ సరైన వేడి. సీసాను పది నిమిషాలు మంచులో పెట్టమని మొహమాటం లేకుండా అడగండి, లేదా లోపల కూర్చోండి.

వైన్ తేడా చేసినప్పుడు

నచ్చకపోవడం వేరు, వైన్ చెడిపోవడం వేరు. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి, పండు వాసన అసలు లేకపోతే బిరడా వల్ల పాడైనట్టు. టీసీఏ అనే పదార్థం చేసే పని అది. ఆ వాసన ఎంతసేపు తిప్పినా పోదు, ఇంకా పెరుగుతుంది. వేరే సీసా తెరవమని అడగడం మీ హక్కు, మంచి వైనరీ వాళ్లు వెంటనే తెరుస్తారు. అగ్గిపుల్ల, ఉడికిన గుడ్డు వాసన అయితే కంగారు పడొద్దు, గాలి తగలక వచ్చేది అది, రెండు నిమిషాలు గట్టిగా తిప్పితే తరచూ పోతుంది. గోళ్ల రంగు తుడిచే ద్రవం, వెనిగర్ వాసన వస్తే బ్యాక్టీరియా చేరినట్టు. తెల్ల వైన్ గోధుమ రంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన కొడితే గాలి ఎక్కువ తగిలింది. తెరిచి రెండు రోజులైన సీసాలోంచి పోసినప్పుడు ఇలా జరగడం సహజం, కాబట్టి 'ఈ సీసా ఎప్పుడు తెరిచారు?' అని అడగండి.

పోసే మనిషిని అడగాల్సినవి

'ఈ వైన్ మొత్తం ఎన్ని పీపాలు చేశారు?' ఇది మంచి మొదటి ప్రశ్న. ఒక పీపా 225 లీటర్లు, అంటే దాదాపు 300 సీసాలు, పన్నెండేసి సీసాల పెట్టెలైతే 25. నాలుగు పీపాలే చేశామన్నారంటే ఆ వైన్ దుకాణాల్లో దొరకదు, ఇక్కడే కొనాలి. 'కొత్త ఓక్ ఎంత శాతం?' అని అడిగితే ఆ లవంగం, వెనిల్లా వాసన ఎందుకంత గట్టిగా ఉందో తెలిసిపోతుంది. 'కోసినప్పుడు బ్రిక్స్ ఎంత?' అన్న ప్రశ్నకు కళ్లు మెరుస్తాయి. బ్రిక్స్ అంటే రసంలో చక్కెర శాతం. దాన్ని 0.58తో గుణిస్తే ఆల్కహాల్ ఇంచుమించుగా వస్తుంది, 25 బ్రిక్స్ అయితే 14.5 శాతం.

'ద్రాక్ష ఎక్కడిది?' అనీ అడగండి. చిన్న వైనరీలు వేరే జిల్లాల నుంచి కాయ కొనడం మామూలే, తప్పేం కాదు. సీసా మీద లివర్‌మోర్ వ్యాలీ అని ఉంటే కనీసం 85 శాతం ద్రాక్ష ఈ లోయది కావాలి. ద్రాక్ష పేరు వేయాలంటే ఆ రకం 75 శాతం ఉంటే చాలు, అంటే 'కాబెర్నే' సీసాలో పావు వంతు వేరే రకం ఉండొచ్చు. 'ఎస్టేట్ బాటిల్డ్' అని ఉంటే మొత్తం ద్రాక్ష ఆ వైనరీ సాగు చేసుకున్నదే.

మన వంటతో

కారం ఆల్కహాల్ మంటను, వగరును రెట్టింపు చేస్తుంది. గుంటూరు కారంతో చేసిన కూరకు 15 శాతం పెటీట్ సిరా తోడైతే నోరు కాలిపోతుంది. గోంగూర, చింతపండు, మామిడికాయ లాంటి పుల్లటి వంటల పక్కన పులుపు తక్కువ ఉన్న వైన్ చప్పగా తేలిపోతుంది, వంటకు దీటుగా పులుపున్న సావిన్యాన్ బ్లాంక్, అల్బరీన్యో లాంటి తెల్ల వైన్‌లు నిలబడతాయి. చేపల పులుసుతో వగరు ఎర్ర వైన్ కలిస్తే నోట్లో ఇనుము నాకిన రుచి వస్తుంది. పెటీట్ సిరాకు సరైన జోడీ మిరియాలతో, కారం తగ్గించి చేసిన మటన్ వేపుడు. మాంసంలోని కొవ్వు, ఉప్పు ఆ వగరును అణుస్తాయి. బొబ్బట్లు, అరిసెలతో మామూలు వైన్ వద్దు. మిఠాయి కంటే వైన్ తియ్యగా లేకపోతే పుల్లనీళ్లలా ఉంటుంది.

కొనడం, ఇంటికి చేర్చడం

చాలాచోట్ల సీసాలు కొంటే టేస్టింగ్ రుసుము మాఫీ చేస్తారు, ఎన్ని సీసాలకో ముందే అడగండి. వైన్ క్లబ్‌లో, అంటే ఏడాదికి కొన్నిసార్లు సీసాలు ఇంటికి పంపి డబ్బు తీసుకునే పథకంలో, చేరమని అడుగుతారు. ఆరో గ్లాసు దగ్గర సంతకం పెట్టొద్దు. ఏడాదికి ఎన్ని పార్సిళ్లు, ఒక్కో పార్సిల్ ఎంత, ఎప్పుడు మానుకోవచ్చు అన్న మూడూ కాగితం మీద చూసి, ఇంటికెళ్లి తేల్చుకోండి. పార్సిల్ వచ్చినప్పుడు 21 ఏళ్లు నిండినవాళ్లు సంతకం చేయాలి, ఇంట్లో ఎవరూ లేకపోతే సీసాలు ఎండలో వ్యానులోనే తిరుగుతాయి. ఆఫీసు చిరునామా ఇవ్వడం మేలు.

కారు డిక్కీలో ఎండాకాలం గంటసేపు వదిలేసిన వైన్ ఉడికిపోతుంది, బిరడా పైకి తన్నుకొస్తుంది. ఐస్ ప్యాకులతో ఒక కూలర్ పెట్టె వెంట తీసుకెళ్లండి. తాగగా మిగిలిన సీసాను మాత్రం వైనరీ వాళ్లతో బిరడా బిగించి డిక్కీలోనే పెట్టాలి, మూత తీసిన సీసా మనుషులు కూర్చునే చోట ఉండడం నేరం. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

ఇండియాకు తీసుకెళ్లాలంటే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. మన కస్టమ్స్ సుంకం లేకుండా మనిషికి 2 లీటర్లు అనుమతిస్తుంది, 750 మిల్లీలీటర్ల సీసాలు రెండన్నమాట. మూడోది 2.25 లీటర్లు చేస్తుంది, సుంకం పడుతుంది. ఒక్కో సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, చీరల మధ్య, పెట్టె అంచులకు తగలకుండా నడిమధ్యలో పెట్టండి. విజయవాడ, హైదరాబాద్ ఎండల్లో అలమరలో దాచొద్దు. ఎర్ర వైన్ అయినా ఫ్రిజ్‌లో కింది అరలోనే ఉంచి, తాగడానికి ఇరవై నిమిషాల ముందు బయటికి తీయండి.